కల్లుకు ఊరి పేరు కావాలి

ద్రాక్ష వైన్‌కు సంవత్సరం పేరు చెప్తారు. కల్లుకు పూట పేరు చెప్తారు. పొద్దుటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు. తెల్లవారుజామున చెట్టు మీంచి తీయగా దిగింది ఎండెక్కేసరికి నురుగు కక్కుతుంది, పొద్దుగూకేలోపు పులుపెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టుకోలేం. ఒకే చెట్టు, ఒకే చెయ్యి, ఒకే కుండ అయినా నిన్నటి కల్లు ఇవాళ రాదు. ప్రపంచంలో ఏ వైన్ తయారీదారుకూ ఇంత గడువు తక్కువ సరుకు ఉండదు. ఏడాదికొక్కసారి కోత కోసి పీపాల్లో పోసి మూత బిగించే వెసులుబాటు అతనికి ఉంది. చిట్యాల వైపు గీత కార్మికుడికి రోజూ కోతే, రోజూ పరీక్షే.

చిట్యాల ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండలం. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ ముక్కలైనప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే రోజు జిల్లాలయ్యాయి. జనగామ మెట్ట చెలకల నుంచి భూపాలపల్లి బొగ్గు గనుల దాకా నేల మారుతుంది, పంట మారుతుంది. పత్తి, మిర్చి, వరి పొలాల మధ్య, చెరువు కట్టల మీద, గెట్ల వెంబడి తాళ్లు, వాగు ఒడ్డున ఈదులు మాత్రం అన్నిచోట్లా కనిపిస్తాయి. ఇదే మిర్చిలో ఒక రకానికి, వరంగల్ చపాటాకు, 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటలా గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉండే ఆ కాయ ఈ నేలదేనని చట్టమే ఒప్పుకుంది. పక్క గెట్టు మీది తాడుకు ఆ మర్యాద ఎందుకు దక్కలేదన్నదే ఇక్కడి ప్రశ్న.

మొదట పని సంగతి చూడాలి. కల్లు గురించి రాసేవాళ్లు చాలామంది తాగడం దగ్గర మొదలుపెడతారు. గీయడం దగ్గర మొదలుపెడితే కథ మారిపోతుంది.

తాటి చెట్టు నాటిన వెంటనే కల్లివ్వదు. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు, కొన్నిచోట్ల ఇరవయ్యేళ్లు ఆగాలి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా బతుకుతుంది. ఆడ, మగ చెట్లు వేర్వేరు. పూత పట్టేదాకా ఏది ఏదో తేల్చడం కష్టం. మగ తాటికి వేళ్లలాంటి పూత కంకులుంటాయి, ఆడ తాటికి గెలలుంటాయి. రెండింటినీ గీస్తారు, కానీ ఒకే తీరుగా కాదు. లేత కంకిని కట్టి, కొన్నాళ్ల పాటు మెల్లగా నొక్కుతూ, తడుతూ మెత్తబరచాలి. గట్టిగా కొడితే కమిలి ఎండిపోతుంది, చాలకుంటే చుక్క కారదు. ఆ పైన రోజుకు రెండు పూటలు, కొన్ని చెట్లకు మూడు పూటలు, కొసను రేకంత పలుచగా చెక్కాలి. మందంగా కోస్తే కంకి నెలకే అయిపోతుంది. కోయకుంటే కొస ఆరిపోయి ధార ఆగిపోతుంది. పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని కల్లును చెట్టు తీరును బట్టి, కాలాన్ని బట్టి వేరుచేసి చెప్పే మాటలు తెలంగాణ పల్లెల్లో ఇంకా బతికే ఉన్నాయి. కల్లు పోసే మండువ దగ్గర కూర్చునే పెద్దమనిషి ఒక్క గుక్కతో అది ఏ తాటిదో చెప్పేస్తాడు. పారిస్‌లోనో నాసిక్‌లోనో ఇదే పని చేసేవాడికి కోటు, జీతం, బిరుదు ఉంటాయి.

ఈతది ఇంకో లెక్క. తాటిలో కోసేది పూతనే గనుక చెట్టు ఒంటికి దెబ్బ తగలదు. ఈతలో మాత్రం మొవ్వు దగ్గర మట్టలు తీసి కాండాన్నే చెక్కుతారు. చలికాలం ధార బాగుంటుంది. కొన్నాళ్లు గీస్తారు, కొన్నాళ్లు గాటు ఆరనిస్తారు. ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు రెండో పక్క చెక్కుకుంటూ పోతే కాండం మెట్లు మెట్లుగా వంకర తిరుగుతుంది. పాత ఈత చెట్టు మీది గాట్లు లెక్కపెడితే అది ఎన్నేళ్లు కల్లిచ్చిందో తెలుస్తుంది. లోతు ఒక్క వేలెడు ఎక్కువైతే చెట్టే పోతుంది.

ఇంత సున్నితమైన పని నేల మీద చేసేది కాదు. నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, కాళ్లకు గుజి, వెనక కత్తి పొది. ఇరవై, ఇరవై ఐదు మీటర్ల ఎత్తున రెండు చేతులూ వదిలేసి, మోకు మీద వెనక్కి వాలి, కళ్ల ముందున్న కొసను చెక్కాలి. వాన పడితే కాండం జారుతుంది. గాలి వీస్తే చెట్టు ఊగుతుంది. మట్టల్లో తేనెటీగలుంటాయి, పాములుంటాయి.

కొసకు కట్టిన కుండలోకి, అంటే లొట్టిలోకి, దిగిన రసంలో చక్కెర పది నుంచి పద్నాలుగు శాతం దాకా ఉంటుంది. దానికి ఈస్ట్ ఎవరూ కలపరు. గాలిలో, కంకి మీద, అన్నిటికంటే ఎక్కువగా కుండ గోడల్లో అది ముందే ఉంటుంది. నిన్నటి మడ్డి కొంచెం మిగిలిన లొట్టి ఇవాళ్టి రసాన్ని తొందరగా పులియబెడుతుంది. బాగా కడిగి, పొగబెట్టిన లొట్టి నెమ్మదిగా పులియబెడుతుంది. లోపల సున్నం పూసిన లొట్టిలో పులియడమే ఉండదు, అది నీరా. ఈస్ట్‌తో పాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా, పెరుగులో ఉండే తరహా లాక్టిక్ బ్యాక్టీరియా కూడా పని చేస్తాయి. అందుకే కల్లులో మత్తుతో పాటు పులుపు, నురుగు, ఒకరకమైన జిగట వస్తాయి. మత్తు సాయంత్రానికి నాలుగైదు శాతానికి చేరుతుంది, బీరంత. ఎంత కడగాలి, ఎంత మడ్డి ఉంచాలి, ఎన్ని గంటలకు దించాలి అనే మూడు నిర్ణయాల్లోనే రుచి అంతా ఉంది. సూక్ష్మజీవశాస్త్రం పుట్టకముందే ఈ మూడూ తెలిసిన మనుషులు వాళ్లు.

ఈ మనుషుల్ని సర్కారు ఏమని పిలుస్తుంది? లబ్ధిదారులని.

పథకాలు లేవని ఎవరూ అనలేరు. తెలంగాణ వచ్చాక చెట్ల పన్ను రద్దయింది. 2004లో మూతపడ్డ హైదరాబాద్ కల్లు దుకాణాలు 2014లో తెరుచుకున్నాయి. చెట్టు మీంచి పడి చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షల పరిహారం ఉంది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టారు. పర్వతారోహకులు వాడే తరహా తాళ్లు, క్లిప్పులతో తయారైన ఆ కిట్ ఉంటే మోకు జారినా మనిషి కిందపడడు. మంచి పని, ఆలస్యంగా జరిగిన మంచి పని. ఇంకా అందనివాళ్లకు అందాలి, అందినవాళ్లకు అలవాటయ్యేదాకా శిక్షణ కొనసాగాలి. పూటకు పది చెట్లెక్కే మనిషి ప్రతి చెట్టుకూ క్లిప్పులు తగిలించి విప్పుతూ కూర్చుంటే పొద్దు చాలదన్న ఇబ్బందిని బద్ధకంగా కొట్టిపారేయకూడదు. పనిముట్టును పని వేగానికి సర్దడం కూడా ఇంజినీరింగే.

కానీ ఇదంతా చావుకూ దెబ్బకూ సంబంధించిన లెక్క. సరుకు గురించి, దాని నాణ్యత గురించి, ధర గురించి సర్కారు ఆలోచన ఎలా ఉందో తెలియాలంటే 2021లో వచ్చిన ఇంకో నిర్ణయం చూడాలి. మద్యం షాపుల్లో గౌడులకు 15 శాతం రిజర్వేషన్. 2,620 షాపుల్లో 363 వాళ్లకు. అంటే కల్లు తయారుచేసే కులానికి కల్లును వెనక్కి నెట్టిన సీసా మద్యం అమ్ముకునే హక్కు. 2023లో ఆ షాపుల లాటరీకి లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రెండు లక్షలు. చెట్టెక్కి బతికే మనిషి రెండు లక్షలు పెట్టి లాటరీ టికెట్ కొనగలడా అన్నది అడగనక్కర్లేని ప్రశ్న.

ఈ చూపు కొత్తదేమీ కాదు. నిజాం కాలంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయం. చెట్టు ఎవరి చెలకలో ఉన్నా దాని కల్లు మీద పెత్తనం సర్కారుది, వేలంలో పాడుకున్న కాంట్రాక్టరుది. ఎక్కేవాడు కూలివాడు. ఆ కాంట్రాక్టర్ల పెత్తనం మీద సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గీత పనివారల సంఘాన్ని కూడగట్టి దశాబ్దాలు పోరాడారు. తర్వాత నల్గొండ నుంచి లోక్‌సభకు కూడా వెళ్లారు. గీసేవాడికే చెట్టు అనే మాట, దాని మీద నిలబడ్డ సహకార సంఘాలు ఆ పోరాటాల ఫలం. చెట్టు మీద హక్కు అలా వచ్చింది. సరుకు మీద పేరు మాత్రం రాలేదు.

ఇప్పటికి మూడొందలేళ్లకు పైగా వెనక్కి వెళ్తే జనగామ జిల్లా ఖిలాషాపూర్ కనిపిస్తుంది. సర్వాయి పాపన్న కోట అక్కడే. కల్లుగీత కులంలో పుట్టినవాడు మొఘలుల మీద తిరగబడి, 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్ నగరాన్నే కొల్లగొట్టాడు. 1710లో అతన్ని చంపారు. మొఘల్ చరిత్రకారులకు అతను దోపిడీదారు, జనానికి వీరుడు. అతని మీది తెలుగు పాటను బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి 1874లోనే ఇండియన్ యాంటిక్వరీలో అచ్చువేశాడు. చివర్లో గాయపడి మారువేషంలో తిరుగుతున్నవాణ్ని హసనాబాద్‌లో ఒక కల్లు గీసేవాడే గుర్తుపట్టాడని మొఘల్ కథనం చెప్తుంది. జనం చెప్పే కథ వేరు. ఆ గొడవ ఇప్పుడెందుకు గానీ, ప్రతి ఆగస్టు 18న పాపన్న విగ్రహాలకు దండలు వేసే నాయకులు ఆ పూట ఆయన కులవృత్తి గురించి గంట మాట్లాడతారు. ఆ గంటలో కల్లు రుచి గురించి ఒక్క మాట రాదు.

రుచి మాట ఎత్తితే కల్తీ మాట ఎత్తాల్సి వస్తుంది. బహుశా అందుకే ఎవరూ ఎత్తరు.

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. 2015 సెప్టెంబరులో ఇంకో వింత జరిగింది. కల్తీ మీద ఆబ్కారీ శాఖ ఒక్కసారిగా దాడులు చేసేసరికి నిజామాబాద్, మెదక్ ప్రాంతాల్లో జనం వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ, మూర్ఛలతో ఆస్పత్రులకు చేరారు. తాగినందుకు కాదు, తాగడం ఆగినందుకు. అన్నేళ్లుగా కల్లు పేరుతో వాళ్లు తాగింది డైజిపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు. చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. పట్నం అడిగేది ట్యాంకర్లలో. ఆ రెండింటి మధ్య ఖాళీని సాకరిన్‌తో, మత్తుమందుతో పూడుస్తారు. చెట్టు లేని చోట కల్లు దొరుకుతోందంటేనే అనుమానించాలి.

దీనికి విరుగుడు కల్లును మూసేయడం అనుకుంటే 2004 అనుభవం కళ్లముందే ఉంది. మూసిన పదేళ్లలో నగరం తాగడం మానలేదు. కల్తీ పోవాలంటే అసలు సరుకుకు ఆనవాలు ఉండాలి. ఏ ఊరిది, ఏ సంఘానిది, ఎవరి చేతిది, ఏ పూటది అని అడిగితే జవాబు చెప్పగలగాలి. ఊళ్లో ఆ జవాబు ఇప్పటికీ ఉంది. చిట్యాల మండలంలో ఏ మండువకు పోయినా కల్లు పోసే చెయ్యి, చెట్టెక్కిన చెయ్యి తెలిసినవే. తప్పుడు సరుకు పోస్తే రేపు ముఖం చూపించాలి. ఆ పరువును ఊరు దాటించే మార్గం కాగితం మీద కూడా ఉంది. దాని పేరే భౌగోళిక గుర్తింపు.

మత్తు పానీయానికి అది ఇస్తారా అని సందేహం రావచ్చు. గోవా జీడిమామిడి ఫెనికి 2009లో వచ్చింది. 2016లో గోవా సర్కారు ఫెనిని రాష్ట్ర వారసత్వ పానీయంగా ప్రకటించింది. అంతకుముందు అదీ నాటు సరుకే, పర్యాటకులు ముక్కు మూసుకునే సరుకే. అస్సాంలో దిమాసా ఆడవాళ్లు ఇళ్లలో బియ్యంతో పులియబెట్టే జుడిమాకు 2021లో వచ్చింది. అది ఫ్యాక్టరీ సరుకు కాదు, సీసాల వ్యాపారమూ కాదు. ఒక తెగ, ఒక బెరడు, ఒక పద్ధతి, అంతే. నాసిక్ మాటకొస్తే పాతికేళ్ల కిందట అక్కడ వైన్ అంటే నవ్వేవాళ్లు. సూలా తీగలు పాతింది 1990ల చివర్లో. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష విధానం తెచ్చి పన్నుల భారం తగ్గించాక తోటలు పెరిగాయి, వాటి చుట్టూ హోటళ్లు లేచాయి. తీగ కొత్తది, నేర్పు ఫ్రాన్స్ నుంచి, కాలిఫోర్నియా నుంచి అరువు తెచ్చుకున్నది. చిట్యాలలో చెట్టూ పాతదే, నేర్పూ ఇక్కడిదే. లేనిది విధానం.

విధానం పేరుతో ఇప్పటిదాకా జరిగింది నీరా. 2019లో నీరా విధానం వచ్చింది, 2023 మే 3న హుస్సేన్ సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు. నీరా మంచిదే, పిల్లలూ తాగొచ్చు, బెల్లమూ కాచుకోవచ్చు. ఆంధ్రలో పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి ఉత్పత్తుల మీద చేసిన పని ఇందుకు పనికొస్తుంది. కానీ నీరాను నెత్తిన పెట్టుకుని కల్లును పక్కన పెట్టడంలో ఒక సిగ్గు కనిపిస్తుంది. పులియనిది గౌరవనీయం, పులిసింది కాదు అన్నట్టు. పైగా నీరాకు దించిన క్షణం నుంచీ మంచు కావాలి, చల్లని పెట్టెలు కావాలి, బండి కావాలి. ఇవన్నీ ఉన్నది నగరానికి దగ్గర్లో. భూపాలపల్లి జిల్లాలో మూల ఊరి గీత కార్మికుడికి ఆ గొలుసు అందదు. కల్లుకు ఆ గొలుసు అక్కర్లేదు, అది ఊళ్లోనే తయారై ఊళ్లోనే అయిపోతుంది. ప్రయాణం చేయలేకపోవడమే దాని లోపం. అదే దాని బలం కూడా కావచ్చు. కల్లు మనిషి దగ్గరికి రాలేదు కాబట్టి మనిషే కల్లు దగ్గరికి రావాలి.

వచ్చే మనుషులు లేకపోలేదు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ దారిన బండ్లు పెరిగాయి. మేడారం, కాళేశ్వరం, రేగొండ మండలంలోని పాండవుల గుట్ట, చిట్యాల మండలంలోనే నైన్‌పాక గుడి, అన్నీ ఇటువైపే. కేరళలో కల్లు షాపు అంటే చేపల కూర, కర్రపెండలం. కల్లు తాగనివాళ్లు కూడా తిండి కోసం కుటుంబాలతో వెళ్లే షాపులున్నాయి. ఇక్కడి మండువలో మక్క గారెలు, నాటుకోడి, గుడాలు, వేసవైతే ముంజలు ఎందుకు ఉండకూడదు? నీడ, మరుగుదొడ్డి, శుభ్రమైన నీళ్లు, ధర రాసిన పలక ఉంటే చాలు. బండి నడిపేవాడికి పోయకూడదన్న కట్టడి కూడా ఆ పలక మీదే రాయాలి.

దీనికి రెండు అభ్యంతరాలొస్తాయి, రెండూ బరువైనవే. మొదటిది ఇంటి ఆడవాళ్ల నుంచి. తాగుడును వారసత్వమని పొగిడితే ఇల్లు గడిచేదెలా? 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం సారాను మూయించింది, ఆ కోపం ఈ గడ్డ మీద చల్లారలేదు. దానికి ఒక్కటే జవాబు. తాగేవాడు ఎలాగూ తాగుతున్నప్పుడు అతని డబ్బు ఊళ్లోని చెట్టుకు పోతోందా, బెల్టు షాపుకు పోతోందా అన్నది తేడా ఉన్న విషయమే. ఈ జవాబు అందరినీ ఒప్పించదు, ఒప్పించాల్సిన పనీ లేదు. కల్లు మందు అని ప్రచారం చేసేవాళ్లను మాత్రం నమ్మకూడదు. అది మత్తు పానీయం, అలాగే చూడాలి.

రెండోది గౌడ యువకుల నుంచి. కళ, నేర్పు, వారసత్వం అని రాసేవాళ్ల పిల్లలు చెట్టెక్కరు కదా? నిజం. వృత్తిని పొగిడి కులాన్ని చెట్టుకు కట్టేయడం పాత మోసం. డిగ్రీ చదివినవాడు ఎక్కనంటే అతని తప్పు లేదు. అయితే అతను ఎక్కకపోవడానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు. అంత ఎత్తెక్కి దించిన దానికి వచ్చే ధర, దొరికే మర్యాద కూడా కారణాలే. మంచి పోద్దాటి కల్లుకూ నీళ్లు కలిపిన కల్లుకూ ఒకే ధర పలికే మార్కెట్‌లో నేర్పుకు విలువుండదు. పేరు వస్తే ధరలో తేడా వస్తుంది, ఆ తేడా దళారికి కాకుండా ఎక్కేవాడికి దక్కేలా నియమం రాయాలి. అప్పుడు ఎక్కాలా వద్దా అన్నది వాడి ఇష్టం, ఏ కులంవాడైనా సరే.

వీటన్నిటికంటే ముందు చెట్లుండాలి. అనుమతి లేకుండా తాళ్లు, ఈదులు నరకడం నేరమే, అయినా పొలాలు చదును చేసే జేసీబీలకు ఆ సంగతి పట్టదు. రైతునూ పూర్తిగా తప్పుపట్టలేం. గెట్టు మీది తాడు నీడకు పత్తి ఎదగదు, ట్రాక్టరు తిరగదు, చెట్టు వల్ల అతనికొచ్చేది పూటకో లొట్టి కల్లు. చెట్టుకింతని ఏటా రైతుకు ముట్టజెప్పితే తప్ప గొడ్డలి ఆగదు. హరితహారంలో నాటిన ఈత, తాటి మొక్కల్లో చెరువు కట్టల మీద ఎన్ని బతికాయో ఊరూరా లెక్క తీయాలి. ఇవాళ నాటిన తాటికి మొదటి లొట్టి కట్టేది కనీసం పన్నెండేళ్లు దాటాకే.

భౌగోళిక గుర్తింపుకు దరఖాస్తు పెట్టడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. గోవాలో ఆ దరఖాస్తు వెనక నిలబడింది ఫెని తయారీదారుల సంఘమే. సరిహద్దులు, తయారీ పద్ధతి, చరిత్ర ఆధారాలు, నాణ్యతను ఎవరు ఎలా చూస్తారన్న ఏర్పాటు కాగితం మీద పెట్టాలి. గీత సహకార సంఘాలకు సభ్యుల జాబితాలున్నాయి. ఆబ్కారీ శాఖ దగ్గర చెట్ల లెక్కలున్నాయి. చరిత్రకు ఖిలాషాపూర్ కోట ఉంది. చపాటా మిర్చికి దరఖాస్తు ఎలా పెట్టాలో తెలిసిన ఉద్యాన శాస్త్రవేత్తలు మహబూబాబాద్ పక్కన మల్యాల పరిశోధన కేంద్రంలోనే ఉన్నారు. పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు మధ్య రసంలో తేడా ఎంత, ఏ పూటకు ఎంత పులుస్తుంది అన్న కొలతలు వాళ్లు ఒక్క సీజన్‌లో తీయగలరు. మూడు జిల్లాల సంఘాలు కలిసి అడిగితే పని వచ్చే చలికాలం గీతతోనే మొదలుపెట్టొచ్చు.